ముక్కు పరీక్ష

మెలకువ పోకుండానే నిద్రలోకి జారడం ఊరందరికీ వచ్చేశాక, కలో నిజమో తేల్చుకోవడానికి నోరు తెరవకుండా ముక్కు మూసుకుని చూడటం అలవాటైంది. ఊపిరాడితే కల.

కండక్టరు నూకరత్నం రోజూ కలలో డ్రైవరు అప్పలసూరి చెయ్యి పట్టుకుని ఎగిరేది. మెలకువలో మాత్రం "డ్రైవర్ గారూ" దాటి మాట పెగిలేది కాదు.

ఆ మధ్యాహ్నం డిపోలో, ఆగి ఉన్న బస్సులో కునుకు తీసి లేచి, ముక్కు సంగతి మరిచిపోయింది. పక్క సీట్లో అప్పుడే కళ్లు తెరిచిన అతని చెయ్యి పట్టేసుకుంది.

"పద సూరీ, ఎగురుదాం."

"నిన్న కైలాసగిరి ఎల్లాం గదేటి. ఇయ్యాల భీమిలి ఎల్దాం, రత్నం."

నిన్న తన కలలో వెళ్లింది అరకు. అనుమానమొచ్చి ముక్కు మూసుకుంది. ఊపిరాడలేదు. ఆమెను చూసి అతనూ మూసుకుని, ఉక్కిరిబిక్కిరయ్యాడు.

ఇద్దరూ ముక్కులు వదిలారు. చేతులు మాత్రం వదల్లేదు.