గుడ్డబొమ్మకు సూది

"అట్ల అదిమిపట్టొద్దమ్మా, బిడ్డ సచ్చిపోతాది!"

తల్లి కోమలి కేకకు నర్సు చేయి వదిలేసింది.

నాలుగేళ్ల నిస్సీ చటుక్కున జారి మంచం కిందికి దూరిపోయింది.

బంగారుపాళ్యం దగ్గర ఆటో బోల్తాపడి ఇరవై రోజులైంది. ఆ రోజు నలుగురు కలిసి పిల్లను అదిమిపట్టి కాలికి కుట్లు వేశారు. అప్పటినుంచి పిల్లకు మాట పడిపోయింది. ఎవరి చేయి తగిలినా కెవ్వుమంటోంది. ఇప్పుడు ఆ కాలికి చీము పట్టడంతో తిరుపతి ఆసుపత్రికి తీసుకొచ్చింది కోమలి.

"సాయంత్రంలోగా సూది పడకుంటే కాలికే ముప్పమ్మా" అన్నాడు డాక్టరు.

'యేసయ్యా, నువ్వే దిక్కు' అనుకుంటూ కోమలి పాలకని పోయింది. తిరిగొచ్చి చూస్తే ఏముంది!

ముక్కూమొహం తెలియని ముసలామె ఒకతె మంచం పక్కన నేలమీద కూర్చొని ఉంది. ఒళ్లో గుడ్డబొమ్మ. దాని చేతికి సూది గుచ్చుతూ ఏదో గొణుగుతోంది. మంచం కింద నుంచి నిస్సీ రెప్ప వేయకుండా చూస్తోంది.

కోమలి చేతిలో పాలగ్లాసు కింద పడిపోయింది.

"ఓయమ్మో! నా బిడ్డకు చేతబడి చేస్తాండాది! ఎవరన్నా రాండప్పా!"

వార్డంతా లేచింది. వాచ్‌మన్ దొరస్వామి పరుగెత్తుకొచ్చాడు.

"ఎవురు నువ్వు? లే పైకి!"

"నేను చెప్పేది ఇనప్పా..." అంటూ ముసలామె మంచం కిందికి చూసింది. నిస్సీ చెవులు మూసుకొని వణికిపోతోంది.

ఆమె గొంతు తగ్గించింది. "అరవొద్దు తల్లీ, బిడ్డ బెదురుకుంటాది. నేనే పోతాను."

పోయింది. ఆమె వదిలిపోయిన బొమ్మను ముట్టుకోవడానికే భయపడి కోమలి కాలితో పక్కకు తోసేసింది.

గంటకు నర్సు మళ్లీ సూది పట్టుకొచ్చింది. కోమలి గట్టిగా కళ్లు మూసుకుంది.

కేక వినపడలేదు.

నిస్సీ బొమ్మను చంకన పెట్టుకొని తనంతట తానే బయటికి వచ్చింది.

బొమ్మ చేయి చాపి, "ముందు పాపకెయ్. మళ్ల నాకు" అంది.

ఇరవై రోజులకు మాట! కోమలి భోరుమంది. సూది పడింది. పిల్ల ఏడ్చింది గానీ పారిపోలేదు.

"అవ్వ యాడమ్మా?" అంది, వాకిలి వైపు చూస్తూ.

డాక్టరు కూడా అదే అడుగుతూ వచ్చాడు. "పంకజాక్షమ్మ వచ్చిందంటనే? యాడుండాది?"

కోమలి దొరస్వామి వైపు తిరిగింది.

"పలమనేరు బస్సెక్కేసింది సార్" అన్నాడు దొరస్వామి, తల వంచుకొని.

"ఎంత పని చేసినారు! మీకు ముందే చెప్పకపోవడం నాదీ తప్పే. ఈ బిడ్డ కోసమని నేనే బతిమాలి పిలిపించినాను. బెదిరిన బిడ్డను ఎట్ల ముట్టుకోవాల్నో నాకు నేర్పించిన నర్సమ్మ ఆమేనమ్మా."