గుడ్డ చుట్టిన పచ్చదీపం

మణికట్టు దీపాలు వచ్చాక వీధిలో ఎవరూ ఎవరినీ "బాగున్నారా?" అని అడగడం లేదు. ఒంట్లో కణాలు సరిగ్గా శక్తి పుట్టిస్తూ, ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటున్నంతసేపూ దీపం పచ్చగా వెలుగుతుంది. హిమజ దీపం భర్త పోయిన రోజున కూడా పచ్చగానే వెలిగింది.

ఆ తర్వాత కొన్నాళ్ళకు ఒక ఉదయం ఆమె దీపానికి పాత జాకెట్టు గుడ్డ చుట్టుకుని, గుమ్మంలో చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ కూర్చుంది. పక్కింటి సాహితి అది చూసి, చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తుకొచ్చింది.

"అయ్యో పిన్నిగారూ, ఒంట్లో బాగాలేదాండీ?"

ఎన్నాళ్ళకు విన్న మాట! హిమజ చిక్కుడుకాయలు పక్కన పెట్టింది. కూర్చోమని పీట జరిపింది.

ఈలోగా సాహితి గుడ్డ విప్పి చూసింది. "హమ్మయ్య, పచ్చగానే ఉంది కదండీ! హడలగొట్టేశారు," అని నవ్వి వెళ్ళిపోయింది.

పీట ఖాళీగానే ఉంది. హిమజ ఒంట్లో మాత్రం కోటానుకోట్ల కణాలు ఒకదాన్నొకటి పలకరించుకుంటున్నాయి.