పైడమ్మ వద్దన్న గోడ

ఏమోయ్, కొత్తింట్లో కాలు మీద కాలేసుకుని తెగ మురిసిపోతున్నావు గానీ, నీ పడగ్గది గోడ ఇదివరకు ఎవరింట్లో ఉండేదో కనుక్కున్నావా? సన్యాసిరావు చెల్లెలు పైడమ్మ కనుక్కుంది.

ఇళ్లన్నీ పాత గోడలతోనే బిగిస్తున్న రోజులవి. ఫోన్ ఆనిస్తే చాలు, గోడ తన గతం చెప్పుకుంటుంది. అనకాపల్లి గోడల గోదాములో ఆ గతాలు ఎక్కించేది సన్యాసిరావే. పైడమ్మ గృహప్రవేశం ఎల్లుండనగా, ఆవిడకు వెళ్లే పెళ్లిమండపం గోడకు సరదాగా వేరే గతం ఎక్కించి, వినోదం చూడ్డానికి డ్రైవరు లేని లారీతోపాటే వెళ్లాడు.

పైడమ్మ ఫోన్ ఆనించింది.

"నమస్కారమండి. పదకొండేళ్లు శవాల గదిలో పనిచేశాను," అంది గోడ మర్యాదగా.

"ఓలమ్మో! నానొల్లను," అంటూ పైడమ్మ ఫోన్‌లో వద్దని నొక్కేసింది. గృహప్రవేశం వాళ్లకు సాయంత్రానికల్లా ఇంకో గోడ వస్తుంది.

సన్యాసిరావు నవ్వాపుకుని, "ఏలాకోలానికే సెల్లీ," అనేలోపు లారీ కదిలింది. సరుకుతో వెనక్కి వెళ్లి కరెంటు తగలెయ్యకూడదని దాని రూలు. గోడ కోసం కాచుకున్న దగ్గరి ఇల్లు అదే వెతుక్కుంది. ఆ ఇల్లు పక్క వీధిలోనే ఉంది. నాలుగు నెలలుగా గోడ లేక, వానకు టార్పాలిన్ కట్టుకున్న సన్యాసిరావు ఇల్లే అది.

అతను పరిగెత్తుకెళ్లేసరికి భార్య నరసమ్మ గోడ చెప్పిందంతా వినేసింది.

"వద్దనకే! మళ్లీ నాలుగు నెలలు ఆగాల. ఇది పెళ్లిమండపం గోడే. ఆ శవాల కత నానే ఎక్కించినాను!" అని మొత్తుకున్నాడు.

నరసమ్మ ప్రశాంతంగా వద్దని నొక్కింది.

"గోడెందుకు అబద్ధమాడతాది? ఈ ఇంట్లో ఆ పని సేసీవోడివి నువ్వొక్కడివే."