పెదాలు కలిసిన పద్యం

"తాతయ్యా, టీవీలో నువ్వే. హిందీలో పాడుతున్నావు," అంది చాందిని.

హిందీ మాట్లాడే గనుల ఊరు కిరండూల్‌లో, కొడుకు క్వార్టర్‌లో, పాత పౌరాణిక సినిమాలో కిరీటం పెట్టుకున్న తన పడుచు ముఖాన్ని చూసుకున్నాడు గవర్రాజు.

"ముఖమే నాది. గొంతు కాదమ్మా."

"తెలుగులో నీదేనా?"

"అదీ ఎవరో పేరున్న గాయకుడిది. నాటకంలో ప్రతి పద్యానికీ వన్స్‌మోర్ కొట్టించుకున్నవాణ్ణి. షూటింగులో మాత్రం పెదాలు కదిపితే చాలన్నారు."

"ఊరికే కదిపావా?"

"ఉండబట్టలేక పాడేశాను. ఎవరూ వినలేదు."

చాందిని టీవీ మ్యూట్ చేసింది. "ఇప్పుడు పాడు."

తెరమీద కదిలే పెదాల్ని చూసి గవర్రాజు తెలుగు పద్యం అందుకున్నాడు. పిల్ల తెరమీది పెదాల్నీ తాతయ్య పెదాల్నీ మార్చి మార్చి చూసింది.

"కలిశాయి తాతయ్యా. నువ్వు నిజంగానే పాడావు."

సబ్బు ప్రకటన రాగానే చాందిని ట్యూషన్‌కి పరిగెత్తింది. గవర్రాజు పద్యం పూర్తిచేసి, వన్స్‌మోర్ కోసం కాసేపు ఆగాడు. తర్వాత తనే మళ్ళీ ఎత్తుకున్నాడు.