ఉడుముగారి గానుగ

ఆ అడవికి ఇప్పపువ్వే బతుకు. కొండవతలి ఎలుగుబంట్లు పువ్వు పట్టుకెళ్లి, బదులుగా తేనె ఇచ్చేవి. ఆ తేనెను ఏడాదంతా అందరికీ పంచే పెత్తనం ఉడుముగారిది. ఉడుం పట్టంటే తెలుసుగా!

"అయ్యా, ఇప్పగింజల్ని చెత్తంటూ కొండవతలికి దొర్లించేస్తున్నాం. కాస్త తేనె ఇప్పిస్తే గానుగ కడతాను, నూనె తీద్దాం," అంది వడ్రంగిపిట్ట.

"పువ్వు ఇంత బాగా పోతుంటే ఆ జిడ్డు మనకెందుకే?" అని నవ్వారు ఉడుముగారు.

మరుసటి ఏడు తమ కొండమీదే పువ్వు విరగబూసిందని ఎలుగుబంట్లు రాలేదు. తేనెకుండలు అడుగంటాయి. పిట్ట మళ్లీ వచ్చింది.

"కరువులో గానుగేమిటే, బుద్ధుందా?" అని కసిరారు ఉడుముగారు. ముందు పిల్లల వాటా కోశారు, తర్వాత ముసలివాళ్లది. ఎలుగుబంట్లకు ఎదురెళ్లి ఆడే నెమళ్ల వాటా మాత్రం ముట్టుకోలేదు. పరువన్నది ఉండాలి కదా!

చివరికి ఎలుగుబంట్లు రానే వచ్చాయి. నెమళ్లు ఆడాయి. తీరా చూస్తే అవి పువ్వు కొనడానికి రాలేదు, నూనె అమ్మడానికి వచ్చాయి. ఉడుముగారు వేలు ముంచి నాకారు.

"ఆహా! ఇంత మంచి గింజలు ఎక్కడివి బావా?"

"మీరు దొర్లించినవే బావా," అంది పెద్ద ఎలుగు.

ఇప్పటికైనా తెలిసొచ్చిందని పిట్ట సంబరపడింది. ఉడుముగారి మొహం వెలిగిపోయింది.

"మన కష్టాలు తీరాయర్రా! ఇకమీదట గింజలు ఊరికే పోనివ్వం, అమ్ముదాం!"

వడ్రంగిపిట్ట వెళ్లి చెట్టుకేసి తల బాదుకుంది. ఇప్పటికీ బాదుకుంటూనే ఉంది.