బోర్డు మీంచి పోయిన నోటీసు

"నిన్నటితో ఆఖరు తేదీ అయిపోనాదమ్మా," అన్నాడు చలపతి, ఫైలు మీంచి తల ఎత్తకుండానే.

స్వర్ణకుమారికి అరికాలి మంట నెత్తికెక్కింది. నిమ్‌పురా రైలింజన్ల షెడ్డు ఆఫీసులో వెల్ఫేరు క్లర్కు చలపతి. రైల్వే కార్మికుల ఆడపిల్లలు పై చదువులు చదువుకోవడానికి కలకత్తా ట్రస్టు ఒకటి స్కాలర్‌షిప్ ఇస్తోందనీ, దరఖాస్తులు షెడ్డు ద్వారానే వెళ్లాలనీ ఆమెకు ఆ పొద్దున్నే కాలేజీలో తెలిసింది. తెలియగానే సైకిలెక్కి, ఎండని కూడా చూడకుండా తొక్కుకుంటూ వచ్చింది.

"అయిపోతే అయిపోనాదని ఈవేళ సెప్తారా? ఇన్నాళ్లూ మాకెందుకు సెప్పనేదు?"

"ఇంటింటికీ తిరిగి సెప్తారేటి? బోర్డు మీద అంటించినాను."

"ఏ బోర్డు మీద? మా నాన్న ఆ బోర్డు ముందునుంచే డ్యూటీకెల్తాడు. ఆయనకి సదువు రాకపోయినా, కొత్త కాగితం కనబడితే పక్కోలిని అడిగి మరీ సదివించుకుంతాడు."

"అంటించిన మర్నాటికే ఎవడో పీకీసినాడు. మల్లీ అంటించినాను. మల్లీ పీకీసినాడు. పని మానుకుని బోర్డుకి కాపలా కాయమంతావేటి?"

"మరి ఎందరు ఎట్టినారు దరఖాస్తులు?"

చలపతి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఒకలు."

"ఎవలు?"

చలపతి కళ్లజోడు పెట్టుకుని ఫైలు తిప్పాడు. పక్క బల్ల దగ్గర టీ తాగుతున్న బెంగాలీ దాదా మాత్రం "ఓర్ భాగ్నీ" అని నవ్వాడు.

అతని మేనకోడలట. అంటే లక్ష్మీకాంతం. స్వర్ణ క్లాసే. స్వర్ణ నోట్సులు అడిగి తీసుకెళ్లి చదివే పిల్ల. ఇంత పెద్ద సంగతి తెలిసీ నోరు మెదపలేదన్నమాట.

"కంచే సేను మేసినట్టుంది," అంది స్వర్ణ. మర్యాద ఎక్కడికి పోయిందో పోయింది. "నోటీసు నువ్వే అంటిస్తావు. నువ్వే పీకుతావు. మేనకోడలి సేత నువ్వే సంతకం ఎట్టిస్తావు."

"మాట జారకమ్మా. మా అక్కకి నోటితో సెప్పినమాట నిజిమే. నోటీసు మాత్రం నాను పీకనేదు. నా పిల్లల మీద ఒట్టు."

"పిల్లలెందుకు మధ్యన? నువ్వు కాకపోతే ఇంకెవలికి అవుసరం?"

గుమ్మం దగ్గర నలుగురు ఖలాసీలు పోగయ్యారు. పోగవనీ అనుకుంది స్వర్ణ. జూన్‌లో వాళ్ల నాన్న దావీదు రిటైరవుతాడు. క్వార్టరు ఖాళీ చెయ్యాలి. హిజ్లీ ఇన్‌స్టిట్యూట్‌లో ఎమ్మెస్సీ సీటు వచ్చినా, ఈ స్కాలర్‌షిప్ లేకపోతే ఆ గేటు బయటినుంచే దణ్ణం పెట్టి వెనక్కి రావాలి. గోల్‌బజారులో ఏ చీరల కొట్లోనో నిలబడి మడతలు విప్పుతూ బతకాలి. లక్ష్మీకాంతం మాత్రం తన నోట్సులు పట్టుకుని హిజ్లీకి వెళుతుంది. అది తలుచుకుంటే ఒళ్లు మండిపోతోంది.

"ఒక్క రోజు ఆలీసానికి తీసుకోరా?"

"కవరు నిన్న సాయంత్రమే కలకత్తా ఎలిపోనాది. నా సేతుల్లో ఏటీ నేదు."

"నీ సేతుల్లో ఏటుందో ఊరంతా సెప్తాను. దొంగ క్లర్కు."

చలపతి ముఖం నల్లబడింది. "సెప్పుకో. ఆ పీకినోడెవడో దొరకనీ, ముందు నా సేతిలో తన్నులు తింతాడు."

"దొంగే దొంగా దొంగా అని అరిచినట్టు," అనేసి స్వర్ణ విసురుగా బయటికి వచ్చింది. ఖలాసీలు దారిచ్చారు. ఒకడు మాత్రం "ఆ పిల్ల అడిగినదాంట్లో తప్పేటి?" అని గొణిగాడు.

ఇల్లు చేరి సైకిలుని గోడకేసి కొట్టినట్టు ఆనించింది. తల్లి సుజాతమ్మ వంటింటి గడపలో కూచుని ఉల్లిపాయలు తరుగుతోంది.

"నాన్న ఏడీ?"

"సర్చిలో. ఉపవాస ప్రార్థనలు ఈవేళతో సరి."

"ఇక్కడ నా బతుకు మట్టిలో కలిసిపోతుంటే ఆయనకి ప్రార్థనలొకటి." జరిగిందంతా ఒక్క ఊపిరిలో చెప్పేసింది. చెప్పేకొద్దీ కోపం తగ్గలేదు సరికదా, ఇంకా ఎక్కువైంది. కళ్లనీళ్లు తిరిగినా తుడుచుకోలేదు. "ఆ కాగితం పీకిన సెయ్యి పుచ్చిపోవాల. ఆడు తిన్న కూడు ఆడికి ఒంటబట్టకూడదు."

"ఆమెన్," అంది సుజాతమ్మ, కత్తిపీట మీంచి చెయ్యి తియ్యకుండా.

అప్పుడే దావీదు వచ్చాడు. ఉపవాసాలతో బుగ్గలు లోపలికి పోయాయి. కళ్లు మాత్రం వెలిగిపోతున్నాయి. కూతురి ముఖం చూసి, ఆమె నోరు తెరిచేలోపే దగ్గరికొచ్చి నెత్తిన చెయ్యి పెట్టాడు.

"ఎందుకు తల్లీ ఏడుపు? నీకు ఏటి తెచ్చినానో సూడు."

బైబిల్లోంచి మడతపెట్టిన కాగితాలు రెండు తీసి ఆమె చేతిలో పెట్టాడు. వాటికి ప్రార్థన నూనె మరకలు.

"ఆడపిల్లల సదువుకి కలకత్తోలు డబ్బులిస్తారంట, ఇంకోల కంట పడకుండా రెండుసార్లూ నానే బోర్డు మీంచి పీకి పాస్టరు గారి బల్ల మీద ఎట్టినాను. మడతైనా ఇప్పకుండా రోజూ దాని మీద సెయ్యేసి ప్రార్థన సేసినారు, ఈవేళతో పూర్తయినాది. రేపు తిన్నగా ఎల్లి చలపతి గారికి దరఖాస్తు ఇచ్చీ తల్లీ, ఇంక దాన్ని ఆపీవోడు నేడు."