అర అంగుళం బిగుతు

“సరిగ్గా అర అంగుళమేనా?” ఎంత దాచుకున్నా ఫహీం గొంతులో ఆత్రం బయటపడింది.

“అర అంగుళమే బాబూ. ఆరు జాకెట్లు, ఆరింటికీ చెయ్యి బిగుతే. హాసిని అని ఒక పిల్ల, నిన్ననే తెచ్చి పడేసి పోయింది.” రేపల్లె కృపమ్మ కుట్లు విప్పుతూనే జవాబిచ్చింది.

భార్యకు జాకెట్లు కుట్టించాలన్న వంకతో వచ్చి కూర్చున్నాడు ఫహీం. గదిలో ఒక కుట్టుమిషను, గోడకు చర్చివాళ్ళిచ్చిన క్యాలెండరు తప్ప ఏమీ లేవు. కంప్యూటరు లోపల దాచిందన్నమాట, అనుకున్నాడు.

తెనాలిలో కూర్చుని అతను తయారు చేసిన సాఫ్ట్‌వేరు ఒకటుంది. ఒంటి కొలతలు కొడితే జాకెట్టు కటింగు కాగితం మీద గీసి ఇస్తుంది. దాన్ని గుడ్డ మీద పరిచి కత్తిరించుకోవడమే. మొదట ఎక్కింది అతని భార్య ఆఫ్రీన్ నడిపే టైలరింగు షాపులోనే. రెండేళ్ళ కష్టం ఊరికే పోకూడదని దానికి ఒక దొంగతాళం వేశాడు. ఒక కంప్యూటరులోంచి ఇంకో కంప్యూటరులోకి కాపీ చేస్తే అది ఆగిపోదు. బుద్ధిగా పనిచేస్తూనే ప్రతి చేతి చుట్టులోనూ అర అంగుళం మింగేస్తుంది. బిగుతు చేతులు ఎక్కడుంటే దొంగ అక్కడున్నట్టు. ఈ సంగతి పైవాడికీ ఫహీంకీ తప్ప మూడోవాడికి తెలియదు. ఆఫ్రీన్‌కి కూడా చెప్పలేదు. ఆడవాళ్ళ నోట్లో నువ్వుగింజ నానదని మహానుభావుడి నమ్మకం.

అనుమానమంతా అజయ్ బాబు మీదే. బాపట్లలో ఒకే బెంచీ మీద చదువుకున్న స్నేహితుడు, రెండేళ్ళూ పక్కన కూర్చుని పనిచేసినవాడు. పైగా ఊరు రేపల్లె. కృపమ్మ కుట్టిన జాకెట్లు చేతులు పట్టేస్తున్నాయని పోయిన వారం రైల్లో ఒకమ్మాయి అనగా విన్నది మొదలు ఫహీంకి అన్నం సహించలేదు. అజయ్ ఫోను చేస్తే తీయడం మానేశాడు. అతని పేరు మీద రాసిన పోలీసు ఫిర్యాదు జేబులోనే ఉంది, సంతకం ఒక్కటే తక్కువ.

“అజయ్ బాబు తెలుసాండి మీకు?”

“తెలియకపోవడమేంటి, మా చర్చి పిల్లోడే. మొన్నొచ్చి మొహం వేలాడేసుకుని కూర్చున్నాడు. ప్రాణంలాంటి స్నేహితుడు మాట్లాడ్డం మానేశాడంట, ఎందుకో తెలీదంట.”

ఫహీం మనసు ఒక్క క్షణం మెత్తబడింది. తప్పు చేసినవాడికి ఆ మాత్రం బెంగ ఉండదా అని మళ్ళీ గట్టిపరచుకున్నాడు.

“ఇంక దాచకండమ్మా. అజయ్ మీకిచ్చిన కంప్యూటరు చూపించండి.”

కృపమ్మ అతన్ని ఎగాదిగా చూసి నవ్వింది. “నాకు కరెంటు మిషనే చేతకాదు, కంప్యూటరంట. నేను కొలతలే తీయను బాబూ. వాళ్ళు తొడుక్కునే జాకెట్టు ఒకటి ఆదికిస్తారు, అదెట్టా ఉంటే అట్టా కుట్టడమే. సొంత తెలివి చూపించామా, మాట మనమీదకొస్తది.” పక్కనున్న పచ్చ జాకెట్టు అతని ఒళ్ళోకి విసిరింది. “మెడ బాగా కుదిరిందని ఆ పిల్ల ఇది ఆదికిచ్చింది. బిగుతంతా దీన్లోనే ఉంది.”

ఫహీం జాకెట్టు మెడ తిరగేసి చూశాడు. ‘ఆఫ్రీన్ టైలర్స్, తెనాలి’ అని పట్టీ.

తన ఇంట్లోనే దొంగ పడ్డాడన్నమాట. గబగబా భార్యకు ఫోను కలిపాడు.

“ఆఫ్రీన్, రేపల్లె హాసిని పచ్చ జాకెట్టు ఎప్పుడు కుట్టావు?”

“రెండు నెలలైందండి. పాత కంప్యూటరు మొరాయిస్తోందని కొత్తది కొన్నాం చూడండి, ఆ వారమే. మీకు చెప్పలేదుగానీ, అప్పట్నుంచీ నేను కోసినవన్నీ చేతులు బిగుతే వస్తున్నాయి. నా పనితనం పోయిందేమోనని రోజూ ఏడుస్తున్నా.”

అజయ్ తప్ప ఇంకెవరు? ఫహీం ఫిర్యాదు తీసి మిషను బల్ల మీద పరిచాడు, పెన్ను మూత తీశాడు.

“కొత్త కంప్యూటరులోకి సాఫ్ట్‌వేరు కాపీ చేసిందెవరు? పేరు చెప్పు.”

“మీరేగా.”